ఈనేదాకా టానిక్ వద్దు

రేపల్లె, మంగళవారం.

పెదనాన్నా, నేను కులాసా. మీరూ పెద్దమ్మా కులాసా అనుకుంటున్నాను.

మన చూడి గేదెకు కాల్షియం టానిక్ ఆపమని రాజీవ్ అన్నయ్యకు ఫోన్లో చెప్పాను. నా చేతిరాత చూస్తేగాని మీరు నమ్మరని ఈ కార్డు. నిన్న నిజాంపట్నం దగ్గర సింగరయ్య గారి గేదె ఈనిన కొన్ని గంటలకే కూలబడింది. చెవులు చల్లబడ్డాయి, మెడ పక్కకు వాల్చేసింది. నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తే అరగంటకు లేచి నిలబడింది. ఆయన భార్య పద్మావతి గారు కళ్ళు తుడుచుకుంటూ, "నెల రోజులుగా కాల్షియం టానిక్ తాగిస్తానే ఉన్నామండి. ఇంకేం తక్కువైందమ్మా?" అన్నారు.

"తక్కువ కాదండి, ముందే ఎక్కువైంది," అన్నాను. మెడలో చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. ఒంట్లో కాల్షియం తగ్గితే దాని హార్మోను మూత్రపిండాలకు చేరి, మూత్రంలో కాల్షియం పోకుండా ఆపిస్తుంది. రోజూ మనమే పోస్తుంటే ఆ గ్రంథికి పని చేసే అలవాటు తప్పిపోతుంది. ఈనగానే కాల్షియం పాలలోకి పోతుంటే వెంటనే అందుకోలేదు.

ఆవిడకు చెబుతుంటేనే మన గేదె గుర్తొచ్చింది. తెనాలిలో కొని మీకిచ్చిన సీసా ఈనాకే పట్టాలని చెప్పలేదు. పశువుల డాక్టరునై ఉండి మరిచాను, తప్పు నాదే.

పెద్దమ్మ మోకాలు ఎలా ఉంది? లంక పొలంలో అరటి గెలలు కోశారా? ఈనే సూచనలు కనపడగానే ఫోన్ చేయించండి. సెలవు పెట్టి వచ్చి, అది ఈని మేత ముట్టేదాకా మీ పక్కనే కూర్చుంటాను.

ఇద్దరికీ నమస్కారాలతో,
మీ భాగ్యశ్రీ