అలల అవతల అమ్మ

ఆదివారం రాత్రి, బిలాస్‌పూర్

భీమిలి నుంచి తిరిగొచ్చి క్వార్టర్ తాళం తీసినా భయం ఇంకా వదల్లేదు. నిన్న బీచ్‌లో పిల్లలతో పిచ్చుకగూళ్లు కడుతూ తలెత్తి చూస్తే ఒడ్డున అమ్మ లేదు. ఆమె చెప్పులు మాత్రం ఉన్నాయి. అలల అవతల నెరిసిన తల ఒకటి కనిపించింది. కేకలు పెడుతూ నీళ్లలోకి పరిగెత్తాను.

అమ్మ మునగడం లేదు. చీర కచ్చపోసి, బారలు వేస్తూ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది.

"ఏటే, అలా అరుస్తున్నావు? నాకు ఈత రాదనుకున్నావేటి?"

"ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?"

"చిన్నప్పుడు, ఈ సముద్రంలోనే. పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చాక ఎక్కడ ఈదుతాను? మన అర్పా నదిలో నీళ్లేవి?"

నాకు నలభై ఏళ్లు నిండాయి. అమ్మకి నీళ్లంటే భయమనే ఇన్నాళ్లూ ఇంట్లో అందరం అనుకున్నాం. ఎవరు చెప్పారో, ఎందుకు నమ్మామో. ఇంకా అమ్మని అడగనివి ఎన్ని ఉన్నాయో...

ఇందాక బ్యాగులోంచి తడి చీర తీస్తూ మెల్లగా అడిగింది.

"మనూళ్లో స్విమ్మింగ్ పూల్ ఉందంట కదా. నా వయసోళ్లని రానిస్తారేటే?"

"రేపు కనుక్కుంటానమ్మా" అన్నాను.