జపాన్‌కు చేరిన నా పేపరు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకో మంచి మాట చెప్పాలి.

నీ చేతుల వణుకు జబ్బుకు మందు వెతుకుతూ నేను రాసిన పరిశోధన పత్రాన్ని అచ్చయినప్పటి నుంచి ఎవరూ పట్టించుకోలేదు కదా. నిన్న జపాన్ శాస్త్రవేత్తలు తమ పత్రంలో దాన్ని ఉదహరించారు. నడిగూడెం వచ్చేదాకా ఆగలేక, సూర్యాపేట బస్టాండు నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

“ఉదహరించుడంటే ఏందే?” అంది.

“నేను రాసింది నమ్మి, వాళ్లు దాని మీద ఇంకింత పని చేసిండ్రమ్మా.”

“మీ నాయిన ఉంటే గొర్లకు గూడ చెప్పేటోడు,” అని అమ్మ నవ్వింది.

నేను ఇల్లు చేరేసరికి వాడకట్టంతా తెలిసిపోయింది. పక్కింటి పెద్దమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, “జపానోళ్లకు పాఠం చెప్పినవంట గదా,” అంది. కాదనబుద్ధి కాలేదు.

మందు ఇంకా దొరకలేదు నాయినా. కానీ ఆ వణుకు గురించి ఆలోచించేది ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు.

నీ బిడ్డ