పేరు లేని డబ్బా

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

శ్రీమతి పొట్టి గారికి నమస్కరించి రాయునది,

ఇలా మొదలుపెట్టి నాకే నవ్వొచ్చింది. ఆరేళ్ళు మాటల్లేకపోతే మనిషి పేరు చివర 'గారు' వచ్చి చేరుతుంది కాబోలు. నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ ఒంట్లో నలతలేమీ లేకుండా ఉన్నారనే అనుకుంటాను. ఇక్కడి క్షేమం గురించి మాత్రం ఒక్క ముక్కలో రాసే వీల్లేదు. ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావు. చేశాను. పోయిన వారం రెండుసార్లు నువ్వు హలో అనగానే పెట్టేసింది నేనే. మాట్లాడితే ఏడుస్తాను. ఏడిస్తే నువ్వు జాలిపడతావు. జాలి దొరికిందంటే చెప్పాల్సింది మింగేస్తాను. నా సంగతి నీకు కొత్త కాదు.

మా చెల్లి పోయింది పొట్టీ. నెలన్నర అయింది.

మన పార్లర్ తెరిచిన రోజు మొదటి కుర్చీలో కూర్చున్నది అదే కదా. దారంతో కనుబొమలు దిద్దుతూ నువ్వు, కదిలావంటే ఒకటే మిగులుతుంది అని భయపెడితే ఊపిరి బిగబట్టి కూర్చుంది. అప్పుడది కాలేజీ పిల్ల. తర్వాత టీచరైంది. నువ్వు వెళ్ళిపోయిన రెండేళ్ళకి దానికి రెండో పాప పుట్టింది. ఆ కాన్పు తర్వాతే చెంపల మీద మంగు వచ్చింది. ముందు టీ ఒలికి ఆరిన మరకంత ఉండేది, తర్వాత పై పెదవి మీదికీ నుదుటి మీదికీ పాకింది. ఒకరోజు దాని క్లాసులో ఒక పిల్ల 'మా టీచర్' అని బొమ్మ గీసి, రెండు చెంపలకీ గోధుమరంగు శ్రద్ధగా రుద్దింది. పిల్లదేం తప్పు, కనబడింది గీసింది. చెల్లి ఆ బొమ్మని మెచ్చుకుని గోడకి అంటించి, సాయంత్రం పార్లర్‌కొచ్చి తల కడిగే బేసిన్ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అది బుద్ధిమంతురాలు కాబట్టి చర్మం డాక్టరు దగ్గరికీ వెళ్ళింది. ఎండలోకి వెళ్తే గొడుగు, రోజూ పొద్దున ఎండ తగలకుండా రాసే క్రీము, రాత్రికొక ట్యూబు, అదీ మూడు నెలలే, నెలనెలా వచ్చి చూపించుకోవాలి అన్నాడట. బాగా తగ్గుతుందమ్మా, కానీ పూర్తిగా పోతుందనీ మళ్ళీ రాదనీ మాటివ్వలేను అని కూడా అన్నాడట. నిజం చెప్పేవాడి దగ్గర ఎవరు నిలబడతారు చెప్పు? నేను ఆ చీటీ చూసి నవ్వాను. మూడు నెలలెందుకే, మూడు వారాల్లో నేను తీసేస్తాను చూడు అన్నాను.

ఏం రాశానో నీకు చెప్పక్కర్లేదు. తెల్ల డబ్బా. నువ్వు 'సంచీ మనిషి' అని పేరు పెట్టావే, వాడు తెచ్చేదే. దాని మీద పేరు లేదు, చేసినవాళ్ళ చిరునామా లేదు. అప్పట్లో నువ్వొక డబ్బా మూత తీసి కిటికీలో పెట్టి మర్చిపోతే మూడో రోజుకి లోపలి క్రీము బూడిదరంగుకి తిరిగింది. వెలుతురు చూస్తేనే రంగు మారే దాన్ని మొహాలకెలా పూస్తావే అని అడిగావు. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. నీ చేతికి గిరాకీ లేదని నా చేతి మీద ఏడుస్తున్నావు అన్నాను. నువ్వు నీ దువ్వెనలూ కత్తెరలూ తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయావు. నేను గుమ్మం దాకా కూడా రాలేదు.

మూడు వారాల్లో చెల్లి మంగు పలచబడింది. ఆరో వారానికి వెతికినా కనబడలేదు. కడిగిన ముత్యంలా ఉన్నావని టీచర్ల గదిలో అందరూ అన్నారట. వాళ్ళలో నలుగురు నా దగ్గరికొచ్చారు. వాళ్ళ వెనక వాళ్ళ చెల్లెళ్ళు, తోడికోడళ్ళు. డబ్బా అయిపోయి పది రోజులు రాయకపోతే మచ్చలు రెట్టింపు నల్లగా తిరిగొచ్చేవి. అందుకని ఎవరూ మానలేదు. చెల్లి దాదాపు మూడేళ్ళు రాసింది, పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి.

పోయిన ఏడాది దానికి చేతులు వణకడం మొదలైంది. బోర్డు మీద సున్నా చుడితే కోడిగుడ్డు వస్తోందక్కా అని నవ్వేది. నిద్ర పట్టేది కాదు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి పిల్లల మీద కసిరేది. ఇద్దరు పిల్లలు, బడి, ఇల్లు, ఒళ్ళు హూనం కాక ఏమవుతుందిలే అని సరిపెట్టుకున్నాం. డిసెంబరు చివర్లో పాదాలు వాచాయి. చెప్పులు పట్టక వాళ్ళాయన, అదే మా మరిది, చెప్పులు వేసుకుని బడికెళ్ళింది. మూత్రం సబ్బు నీళ్ళలా నురగలు కడుతోందని అప్పుడు చెప్పింది, అదీ సిగ్గుపడుతూ.

కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మరిదికి ఆరోజు సెలవు దొరకలేదు. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులన్నీ మూత్రంలో కొట్టుకుపోతున్నాయి అందావిడ. ఏ మాత్రలు మింగావు, నొప్పుల బిళ్ళలు వాడావా, పసరు మందులేమైనా తాగావా అని గుచ్చి గుచ్చి అడిగింది. మొహానికేం రాస్తావు అని మాత్రం అడగలేదు. అడిగుంటే చెప్పేవాళ్ళం. మాకేం తెలుసు? మొహమెక్కడ, మూత్రపిండాలెక్కడ! సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలకి దాని మొహం ఉబ్బింది. ఉబ్బిన మొహం మీద మచ్చలు కూడా తేలితే పిల్లల ముందుకెలా వెళ్ళనక్కా అని ఇంకొంచెం ఎక్కువే రాసుకుంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన పంతొమ్మిదో రోజు పొద్దున, మొదటి పీరియడ్‌లో, హాజరు పిలుస్తూ పిలుస్తూ ఆగిపోయిందట. పిల్లలు టీచర్ ఏదో పేరు మర్చిపోయిందనుకున్నారు. మూత్రపిండాలు అలా కారిపోతుంటే రక్తం చిక్కబడుతుందట. కాలి నరంలో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అడ్డుపడింది. మూడు రోజులు గొట్టాల మధ్య ఉంది. రెండో రోజు అక్కడి పెద్ద డాక్టరు దాని మొహాన్నీ చేతుల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. మొహం ఒక మనిషిదిలా, చేతులు ఇంకో మనిషివిలా ఉన్నాయేంటి అని మరిదిని అడిగాడు. మరిది ఇంటికెళ్ళి అద్దం ముందున్న డబ్బా తెచ్చిచ్చాడు. దాన్నీ, చెల్లి రక్తాన్నీ పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేసరికి అది పోయి రెండు రోజులు.

పాదరసం, పొట్టీ. పాత థర్మామీటరు పగిలితే గచ్చు మీద పూసల్లా దొర్లుతుందే, అదే. నల్ల రంగు పుట్టకుండా చర్మాన్ని అణిచేస్తుందట, అందుకే తెల్లబడేది. తర్వాత చర్మంలోంచి రక్తంలోకి దిగి, మూత్రపిండాల్లో తిష్ట వేస్తుందట. ఇది క్రీము వల్లేనని ముందే తేలి, రాయడం ఆపేసి ఉంటే చాలామంది మెల్లగా కోలుకుంటారు అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన మామూలుగానే అన్నాడు, నన్నుద్దేశించి కాదు.

పిల్లల్ని కూడా పరీక్ష చేశారు. దాని తువ్వాళ్ళూ, దిండు గలీబులే వాళ్ళూ వాడేది కదా. పెద్దదాని ఒంట్లోనూ కాస్త ఉంది. భయం లేదు, నెలల్లో పోతుంది అన్నారు. మరిది నన్ను గడప తొక్కనివ్వడం లేదు. తిట్టలేదు, కొట్టలేదు. తలుపు దగ్గర నిలబడి, మీరు వెళ్ళండి వదినగారూ అన్నాడు, అంతే. చిన్నది లోపల్నుంచి పెద్దమ్మా అని పిలవడం వినబడింది. నేను మెట్లు దిగిపోయాను.

పార్లర్‌కి సీలు వేశారు. మిగిలిన పన్నెండు డబ్బాలూ మందుల తనిఖీ ఆఫీసు వాళ్ళు పట్టుకెళ్ళారు. సంచీ మనిషి గురించి తెలిసిందంతా చెప్పాను. వాడి ఫోను పనిచేయడం లేదు. నా మీద కేసు ఉంటుంది. ఉండనీ.

ఇక నీతో పని. డబ్బా వాడుతున్నవాళ్ళ పేర్లు గుర్తు తెచ్చుకుని రాస్తే నలభై ఒకటి తేలాయి. అందులో తొమ్మిదిమంది ఇప్పుడు మీ వైపు ఉంటున్నారు. వెనక కాగితంలో చిరునామాలు రాశాను. బట్టల షాపులో బిల్లులు వేసే అమ్మాయి, బడి ఆయా, ఆ పొడవు జడ నర్సు వీళ్ళంతా నీకు తెలిసినవాళ్ళే. అందరికంటే ముందు టైలరమ్మ కోడలి దగ్గరికి వెళ్ళు. దానికిప్పుడు ఏడో నెల. ఫోన్లో చెబితే ఎవరూ నా మాట వినడం లేదు పొట్టీ. నాకు బాగానే పడింది అక్కా, ఇంకో రెండు డబ్బాలు దాచిపెట్టవా అని అడిగింది ఒకావిడ. మా చెల్లి చచ్చిపోయిందే అంటే, పాపం, ఆవిడకి ముందే ఏదో జబ్బు ఉండుంటుంది అంది.

నువ్వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పు. వెంటనే మానెయ్యమను. డబ్బా కడగొద్దు, చెత్తలో వెయ్యొద్దు, మూత గట్టిగా బిగించి రెండు సంచుల్లో కట్టి మందుల తనిఖీ ఆఫీసులో ఇవ్వమను. గలీబులూ తువ్వాళ్ళూ కూడా ఏం చెయ్యాలో అక్కడే అడగమను. మూత్రమూ రక్తమూ పరీక్ష చేయించుకోమను. మచ్చలు తిరిగొస్తాయి, ముందుకంటే నల్లగా వస్తాయి, భరించమను. చర్మం డాక్టరు మెల్లగా తగ్గిస్తాడు. మెల్లగా తగ్గితే ప్రాణం పోదు.

నన్ను క్షమించమని అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. నువ్వు చెప్పిందే నిజమైంది. నిజమైనందుకు నీకూ సంతోషం ఉండదని తెలుసు.

ఇట్లు,
ఒకప్పుడు అందరూ నీతో కలిపి పిలిచిన
పొడుగు

తా.క. ఉత్తరం కవర్లో పెట్టి అంటించాక మళ్ళీ చింపాను. పైన ఒకటి అబద్ధం రాశాను.

డాక్టరమ్మ అడిగింది. మొదటి రోజే అడిగింది. మొహానికి పార్లర్ క్రీములేమైనా రాస్తావా అమ్మా అని. చెల్లి చెప్పబోయింది. అది నోరు తెరిచేలోపు నేను అందుకుని, లేదండీ, సబ్బు తప్ప ఏమీ ముట్టదు అన్నాను. అప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది చెల్లి కాదు, పార్లర్ బోర్డు. చెల్లి నా వైపు ఒకసారి చూసింది. అక్కని కాదనడం దానికెప్పుడూ చేతకాదు. డాక్టరమ్మ 'ఏమీ లేదు' అని రాసుకుంది.

మరిదికిది తెలియదు. ఆయనకీ ఇప్పుడే రాశాను. రేపు పొద్దున చేత్తో ఇచ్చి, ఆయన చదివేదాకా గుమ్మం బయట నిలబడతాను.

ఇంకొకటి ఆయనకి రాయడానికి చెయ్యి రాలేదు. నీకు రాశాక రాయగలనేమో. ఆరోజు ఆస్పత్రి మెట్ల మీద చెల్లి అడిగింది, పోనీ కొన్నాళ్ళు మానేసి చూడనా అక్కా అని. మానేస్తే మచ్చలు తేలి నా డబ్బా సంగతి బయటికొస్తుందని భయపడ్డాను. దానికీ దీనికీ ఏం సంబంధమే పిచ్చిదానా, రాసుకో అన్నాను.

పంతొమ్మిది రోజులు రాసుకుంది.