అత్తయ్యగారు బొట్లు పెట్టిన బోర్డు

అత్తయ్యగారూ,

ఈరోజు మీ సంవత్సరీకం జరిగింది. భోజనాలయ్యాక మీ అబ్బాయి బంధువులందరికీ నా విజన్ బోర్డు చూపించారు. "మా అమ్మ దేవుళ్ళతో పాటు రోజూ దీనికీ బొట్లు పెట్టేదండీ" అని చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా స్కూల్లో టీచర్లకు క్లాసు పెట్టి, కావలసినవాటి బొమ్మలు అట్ట మీద అంటించుకుని రోజూ చూసుకుంటే జరుగుతాయన్నారు కదా. నేను ఏలూరు ఫ్లాట్ల కరపత్రంలోంచి ఒక బొమ్మ కత్తిరించాను. సోఫాలో మొగుడూ పెళ్ళాం, మధ్యలో పాప. పొద్దున్నే దాని ముందు కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని.

"ఎవరమ్మా వీళ్ళు?" అని అడిగారు మీరు.

"మనమేనండీ."

"మరి ఇందులో నేనెక్కడున్నానమ్మా?"

"ఫొటో తీస్తున్నది మీరేనండీ" అనేశాను.

మీరెంత మురిసిపోయారో! మర్నాటి నుంచీ పూజ అవగానే ఆ ముగ్గురి నుదుటా గంధం బొట్టు పెట్టి, నా కోరిక తీరాలని దణ్ణం పెట్టుకునేవారు. మీరు లేని ఇల్లే ఆ కోరిక అని మీకు చెప్పలేదు.

ఫ్లాటు కొనలేదండీ. తాడేపల్లిగూడెంలో అదే అద్దె ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు ముగ్గురమే.

ఇందాక అందరూ వెళ్ళాక బోర్డు తీసి బీరువా వెనక పెట్టబోయాను. పాప నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకమ్మా, అది నానమ్మ తీసిన ఫొటో" అంది.

దానికీ నిజం చెప్పలేకపోయాను. బోర్డు మళ్ళీ ఆ మేకుకే తగిలించాను.