ఏం తెచ్చుకోవడానికి వెళ్ళింది

మార్చి 3, సోమవారం

రిటైరై ఆరు నెలలు కూడా ఇంట్లో కూర్చోలేకపోయాను. కమిటీలో నర్సు ఒకరు కావాలని కబురు రాగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. పని ఏమిటో తెలిశాక ఆ ఉత్సాహం కాస్త దిగింది. భర్త చేతుల్లోనో, కలిసి ఉన్నవాడి చేతుల్లోనో చనిపోయిన ఆడవాళ్ళ ఫైళ్ళు చదవాలి. అన్నీ కోర్టులో తేలిపోయిన కేసులే. ఎవరు ఎక్కడ ఏం చేసి ఉంటే ఆమె బతికేదో చూడటం మా పని. మొత్తం పదకొండు. పేర్లు ఉండవు, నంబర్లే. ప్రతి ఫైలుకూ ఆమె చివరి రోజును గంటగంటకీ ఒక కాగితం మీద రాయాలి. ఇది జడ్జిగారి పద్ధతి. ఆయన కమిటీకి పెద్ద. టీ తాగుతూ ఫైలు ముట్టుకున్నవాళ్ళని కళ్ళతోనే కాల్చేస్తారు.

మార్చి 5

చెల్లి మొగుణ్ణి వదిలేసి నా దగ్గరికి వచ్చి తొమ్మిది రోజులు. పోయిన నెల వాడు గొంతు పట్టుకున్నాడు. ఒక్కసారేలే అక్కా అంటుంది. నా షాంపూ మొత్తం ఒంపేసింది. టీవీ రిమోట్ మీద ఆశ వదులుకున్నాను. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఎంత బాగుంటుందో మర్చిపోయాను. దేవుడా, థ్యాంక్స్.

మార్చి 7

వాడు మెసేజ్ పెట్టాడు. సోమవారం వచ్చి నీ సర్టిఫికెట్లు పట్టుకెళ్ళు, ఒక్క మాట అనను అని. ఎంత మర్యాదో! చెల్లికి ఇంటర్వ్యూ ఉంది, ఒరిజినల్స్ కావాలి. భయంగా ఉంది, నువ్వు కూడా రా అంది. సోమవారం నాకు కమిటీ. వెళ్ళు, అరగంటలో వచ్చేస్తావు, వాడేమైనా పులా అన్నాను. అక్కడితో ఆగకుండా ధైర్యం గురించి క్లాసు కూడా పీకాను.

మార్చి 10, ఉదయం 11.40

చెల్లి బస్సు దిగింది. తర్వాత రాస్తాను.

సాయంత్రం 6

ఇప్పుడు రాయగలను.

పొద్దున నాలుగో నంబరు కాగితం నింపాను. ఆమె అప్పటికే విడిగా ఉంటోంది. పాప యూనిఫారం కోసం ఆ ఇంటికి వెళ్ళింది. ఆ తర్వాత రాయడానికి గంటలు లేవు. ఐదో ఆమె పాస్‌పోర్టు కోసం వెళ్ళింది. ఫారంలో ఆమె వయసుకు, చదువుకు, వాడి తాగుడుకు, అన్నిటికీ గడులున్నాయి. ఏం తెచ్చుకోవడానికి వెళ్ళిందో రాయడానికి గడి లేదు. మార్జిన్‌లో పెన్సిలుతో రాశాను.

ఆరో ఆమె కుట్టుమిషను కోసం వెళ్ళింది. వాళ్ళమ్మ స్టేట్‌మెంట్ ఉంది. నేనే వెళ్ళమన్నాను, అరగంటలో వచ్చేస్తావు అన్నాను అని.

నా మాటే. ఒక్క అక్షరం తేడా లేదు.

ముప్పై ఏళ్ళు కేజువాల్టీలో చేసినదాన్ని. ఒకసారి గొంతు పట్టుకున్నవాణ్ణి అస్సలు నమ్మకూడదని మొన్న మీటింగులో అందరికీ చెప్పింది నేనే. ఇంటికొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయిందో!

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఐదోసారికి ఎత్తింది. ఇంకో రెండు స్టాపులే అంది. దిగు అన్నాను. నీకు పిచ్చా, నువ్వే కదా పొమ్మన్నావు అంది. దిగవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను అని అరిచాను. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. జడ్జిగారు లేచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. చెల్లి నన్ను నానా తిట్లూ తిడుతూనే దిగింది. ఆ తిట్లు వింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మార్చి 11

కమిటీలో ఉన్న ఇన్‌స్పెక్టరమ్మ నిన్ననే తన మనుషులతో ఆ ఇంటికి వెళ్ళింది. వాణ్ణి స్టేషనుకు తీసుకెళ్ళి, గొంతు పట్టుకున్నందుకు కేసు రాశారు. సర్టిఫికెట్లు టేబుల్ మీద వరసగా సర్ది ఉన్నాయట. వెనక తలుపు తెరుచుకోకుండా కొత్తగా మేకులు కొట్టి ఉన్నాయట. ఇంకేమైనా ఉందా అన్నాను. ఉంది, నువ్వు తెలుసుకోనక్కర్లేదు అంది. నేనూ రెట్టించలేదు.

సర్టిఫికెట్లు తెచ్చి చెల్లి చేతికిచ్చాను. వాటిని ఒళ్ళో పెట్టుకుని సోఫాలోనే నిద్రపోయింది. ఊపిరి సరిగ్గా తీస్తోందా అని రెండుసార్లు చూశాను. ఇన్‌స్పెక్టరమ్మకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మార్చి 14

ఫైళ్ళన్నీ పూర్తయ్యాయి. పదకొండు మందిలో ఏడుగురు ఏదో ఒకటి తెచ్చుకోవడానికే వెళ్ళారు. ఫారంలో కొత్త గడి పెట్టారు. వస్తువుల కోసం వెళ్ళే ఆడవాళ్ళకు పోలీసు తోడు ఇవ్వాలని రిపోర్టులో మొట్టమొదట రాశారు.

నాకు దాంతో తీరలేదు. ఆరో నంబరు వాళ్ళమ్మకు థ్యాంక్స్ చెప్పుకోవాలి. ఆవిడ సిగ్గుపడి ఆ మాట దాచేసి ఉంటే నా చెల్లి ఈపాటికి పన్నెండో నంబరు. కానీ కూతుర్ని పోగొట్టుకున్న మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ముందు ఆవిడకి ఇష్టమో లేదో కనుక్కుంటానన్నారు జడ్జిగారు.

మార్చి 22

ఆవిడ రమ్మంది. వెళ్ళి, జరిగింది చెప్పాను. అంతా విని, మీ చెల్లితో ఒక్కసారి మాట్లాడించమంది.

ఫోన్ కలిపి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, తిన్నావామ్మా అని అడిగింది.