యాదమ్మ మంచానికి గేమ్ బటన్

జనగామ, 1988. బుధవారం రాత్రి.

తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ ఇక్కడి కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయి అటక మీదే పడి ఉంది. పొద్దున దాని బటన్ ఒకటి ఊడదీసి, పాత బెల్లుకూ టార్చి సెల్లులకూ కలిపి నా భార్య యాదమ్మ మంచానికి కట్టాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మామూలు స్విచ్చి నొక్కే బలం ఆమె వేళ్లకు లేదు. దీన్ని ముట్టుకుంటే చాలు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను పేరు పెట్టి పిలవలేదు, గాజులు చప్పుడు చేసి పిలిచేది. చెయ్యి వాచిందని దవాఖానలో ఆ గాజులూ తీసేశారు.

రోజంతా బెల్లు మోగుతూనే ఉంది. రిపేరుకొచ్చిన రేడియో విప్పి కూర్చుంటే చాలు, మోత. లేచి వెళ్లి "ఏం కావాలె?" అంటే, "ఏం వద్దు. మోగుతదా లేదా అని చూసిన" అనేది.

సాయంత్రానికి నా ఓపిక అయిపోయింది. "గిదేమన్న ఆటనా? ఊకె నొక్కకు" అని కసిరాను.

"మోగుతదని నాకెరుకే. నువ్వొస్తవా అని చూసిన" అన్నది.

అప్పటి నుంచి మోగలేదు. తీగ ఊడిందేమోనని రెండుసార్లు వెళ్లి చూశాను. ఊడలేదు.