పిచ్చుక నడిచిన కిలోమీటరు

శ్రీవారికి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, అత్తయ్యగారూ బాగానే ఉన్నాం. మీరు కూడా ఒంట్లో కులాసాగా ఉండి, వేళకింత తింటున్నారని తలుస్తాను. వంతెన మీద వెల్డింగు చేసేటప్పుడు ఆ నల్లద్దాలు పెట్టుకుంటున్నారో లేదో రాయమంటే మీరు రాయరు.

మీరు అడిగినవన్నీ చెబుతాను. వంటింటి కప్పు బాగు చేయించాను, ఇప్పుడు కారడం లేదు. నా పన్ను పీకించేశాను. నేను పెట్టిన కేకలకి డాక్టరే భయపడ్డాడు. అత్తయ్యగారి మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరూ అలాగే ఉంది.

ఇంకా ఆ సముద్రం ఒడ్డున తిరుగుతున్నావా అని అడిగారు. తిరుగుతున్నానండీ. మన పిచ్చుక ఉండగా ప్రతి ఆదివారం అది నడిచిన కిలోమీటరే, లైటుహౌసు గోడ నుంచి విరిగిన పడవ దాకా. మీరు మళ్ళీ పనికి వెళ్ళిపోయాక, అది లేని ఇంట్లో ఆదివారం పొద్దున కూర్చోలేకపోయాను. దాని టోపీ పెట్టుకుని, దాని సంచీ తగిలించుకుని బయల్దేరాను. "మన పెరట్లో చెత్త చాల్లేదనా, సముద్రం చెత్త ఏరడానికి పోతున్నావు?" అని అత్తయ్యగారు సాధిస్తూనే ఉంటారు. నేను వచ్చేసరికి మాత్రం కాళ్ళకి వేణ్ణీళ్ళు కాచి ఉంచుతారు.

అక్కడ పనేమిటని కూడా అడిగారు. ఒడ్డంట నడవాలి. సీసాలు, చెప్పులు, తెగిన వల ముక్కలు ఏరి, ఏ రకం ఎన్నో కాగితం మీద గీతలు పెట్టాలి. పక్షులు, పీతలు, తాబేళ్ళు కనబడితే అవీ రాయాలి. అన్నిటికీ గళ్ళు ఉంటాయి, నాకొచ్చిన నాలుగక్షరాలు దానికి సరిపోతాయి. జీతం లేదు, ఎవరిష్టం కొద్దీ వాళ్ళు వస్తారు. కాగితాలన్నీ టీచరమ్మ తీసుకుంటుంది. బళ్ళో సైన్సు చెప్పి రిటైరైన ఆవిడే. పిచ్చుకని ఈ పనిలో పెట్టిందీ ఆవిడే.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. ఇన్ని ఉత్తరాల్లోనూ దాచాను. కోప్పడినా సరే, వినండి.

ఆ కాగితంలో తాబేళ్ళకి రెండు గళ్ళు. ఒకటి బతికున్నవి, రెండోది చనిపోయినవి. ఈ ఏడు నెలలూ రెండో గడిలో నేను సున్నాయే పెట్టాను. తాబేళ్ళు కొట్టుకురాక కాదు. వచ్చాయి, వలల్లో చిక్కుకుని ఊపిరాడక, మెడలు వాచిపోయి. ఒక్కోదాని పక్కనే గొయ్యి తవ్వి, దొర్లించి పూడ్చాను. తర్వాత పెన్ను పట్టుకుంటే ఆ గడి దగ్గర చెయ్యి ఆగిపోయేది. "చనిపోయినవి" అన్న ఆ మాట కింద అంకె వెయ్యలేక సున్నా చుట్టేసేదాన్ని. అలాగని మరిచిపోలేదు. ఒడ్డున దొరికిన నీలం తాడుకి తాబేలుకో ముడి వేసేదాన్ని, వారం మారితే ఒక గుడ్డపీలిక కట్టేదాన్ని.

పోయిన వారం బళ్ళో మీటింగు పెట్టారు. చేపల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో పెద్ద మరబోట్లని ఒడ్డు దగ్గరికి రానివ్వకూడదని అనుకుంటున్నారు. ఆయన మా కాగితాలు తిరగేసి, "ఈ కిలోమీటరులో ఒక్కటీ చావలేదే! ఇక్కడ బోట్లని ఆపాల్సిన పనేముంది? ఈ ముక్క వదిలేద్దాం" అన్నాడు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నా సున్నాలు చూపించి వలల్ని రమ్మంటున్నారు.

లేచి నిలబడ్డాను. "అయ్యా, అది అబద్ధం. రాసింది నేనే" అన్నాను.

టీచరమ్మ కళ్ళజోడు తీసి, "ఎన్ని?" అంది.

"ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటా! ఏడు నెలలు నాకు సున్నాలు తెచ్చిస్తావా? బుద్ధుందా నీకు? నిన్ను నమ్మి ఆ కాగితాలు పైకి పంపాను కదే! నీతోపాటు నన్నూ అబద్ధాలకోరుని చేశావు!"

ఏమండీ, చెబితే నవ్వుతారు. ఆ తిట్లు నా ప్రాణానికి హాయిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అందరూ నాతో పగిలిన గ్లాసుని పట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. కూరగాయలామె నన్ను బేరం కూడా ఆడనివ్వదు, అడక్కుండానే తగ్గించేస్తుంది. ఇన్నాళ్ళకి ఒక మనిషి నన్ను మామూలు మనిషిని తిట్టినట్టు తిట్టింది.

తాడు తెచ్చి చూపిస్తే, ముడుల లెక్క చెల్లదన్నాడు ఆఫీసరు. "చోట్లు చూపిస్తాను, తవ్వి చూసుకోండి" అన్నాను. మర్నాడు వచ్చాడు. నాలుగు చోట్ల తవ్వితే నాలుగూ ఉన్నాయి. ఐదో దాని దగ్గర ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "చాలమ్మా తల్లీ, నమ్మాను!" అన్నాడు. మా ముక్కకి కూడా బోట్లు రాకూడదని కాగితం రాశారు. నన్నిక రావద్దంటారని భయపడ్డాను. టీచరమ్మ కొత్త కాగితాల కట్ట నా ఒళ్ళో పడేసి, "ఈసారి వేషాలేశావంటే చూడు" అని వెళ్ళిపోయింది.

ఈ ఆదివారం రెండు కొట్టుకొచ్చాయి. రెండు అని రాశాను. చెయ్యి ఆగలేదు.

ఇంటికొచ్చి మీ ఉత్తరాలన్నీ తీసి చదివాను. కప్పు గురించి, పన్ను గురించి, మీ అమ్మ మోకాళ్ళ గురించి అడిగారు. పిచ్చుక గురించి ఒక్క అక్షరం లేదు. నేనూ రాయలేదు. ఈ ఉత్తరంలో కూడా "లేని ఇంట్లో" అని పక్కకి తప్పుకున్నాను, పైన చూడండి. మీరు నన్ను కాపాడుతున్నాననుకున్నారు, నేను మిమ్మల్ని.

మన పిచ్చుక చనిపోయింది. రేపటికి ఎనిమిది నెలలు.

రాశాను. మీరూ రాయండి. దాని గురించి మీకు గుర్తున్నవన్నీ, ఎన్ని పేజీలైనా. అక్షరాలు తడిసిపోయినా ఫరవాలేదు, కూడబలుక్కుని చదువుకుంటాను.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళమ్మ